అలన్ పేజ్: ఫుట్‌బాల్ రక్షణ వరుస నుంచి న్యాయపీఠం వరకు – తరచుగా అడిగే ప్రశ్నలు

అలన్ పేజ్ ఎవరు?

అలన్ పేజ్ 1967 నుంచి 1981 వరకు పదిహేను సీజన్లపాటు అమెరికా జాతీయ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ఎన్.ఎఫ్.ఎల్.లో, డిఫెన్సివ్ టాకిల్‌గా ఆడిన క్రీడాకారుడు. మొదట మినెసోటా వైకింగ్స్ జట్టుకు, చివరి మూడున్నర సీజన్లు షికాగో బేర్స్ జట్టుకు ఆడారు. 1971లో ఆ లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఇచ్చే పురస్కారాన్ని అందుకున్నారు. రక్షణ స్థానంలో ఆడే వ్యక్తికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఆడుతూనే న్యాయశాస్త్రం చదివి పట్టా పుచ్చుకుని, 1993 జనవరి నుంచి 2015 ఆగస్టు వరకు మినెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. ఆ పీఠం మీద కూర్చున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఆయనే.

ఆయన గురించి చెప్పేవారు సాధారణంగా ఆటను ఒక జీవితంగా, న్యాయస్థానాన్ని మరో జీవితంగా విడదీసి చెబుతారు. నాకు ఆ విభజన సరిగా తోచదు. పిల్లవాడికి చిన్న వయసులోనే సరిగా చదవడం నేర్పారా లేదా అన్న ఒక్క ప్రశ్న ఆయన్ను ఆటస్థలంలోనూ, కోర్టులోనూ, పదవీ విరమణ తరువాత కూడా వెంటాడింది. ఆ ప్రశ్న ఎక్కడ పుట్టిందో కింద ఒకచోట వివరంగా రాశాను.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ టాకిల్ చేసే పని ఏమిటి?

ఈ ఆటలో ఒక్కొక్క జట్టుకు పదకొండు మంది చొప్పున మైదానంలో ఉంటారు. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు ముందుకు సాగడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ప్రతి ప్రయత్నానికీ ముందు ఇరుపక్షాలూ ఒక ఊహారేఖకు అటూ ఇటూ వంగి నిలబడతాయి. మధ్యలో ఉన్న ఆటగాడు బంతిని రెండు కాళ్ళ సందునుంచి వెనక్కి అందించగానే ఆట కదులుతుంది. బంతిని అందుకునే క్వార్టర్‌బ్యాక్ దాన్ని దూరంగా ఉన్న తనవాడికి విసరవచ్చు, పక్కనున్నవాడి చేతిలో పెట్టి పరుగెత్తించవచ్చు. అతని ముందు అయిదుగురు బలిష్ఠులు గోడకట్టి నిలబడతారు.

ఆ గోడకు ఎదురుగా నిలిచే రక్షకుల వరుసలో, వైకింగ్స్ పద్ధతి ప్రకారం, నలుగురు ఉండేవారు. అంచుల్లో ఇద్దరు డిఫెన్సివ్ ఎండ్‌లు, నడుమ ఇద్దరు డిఫెన్సివ్ టాకిల్‌లు. టాకిల్ పని గోడ నడిమి భాగాన్ని చీల్చడం. మధ్యదారిలో పరుగెత్తేవాణ్ణి పట్టుకోవడం. వీలైతే క్వార్టర్‌బ్యాక్ బంతి విసిరేలోపే చేరుకుని అతన్ని నేలకు దించడం. ఈ చివరిదాన్ని శాక్ అంటారు. నడుమ నిలబడేవాడి మీద తరచు ఇద్దరేసి పడతారు కాబట్టి, ఈ స్థానానికి జట్టులోకెల్లా భారీకాయుణ్ణి ఎంచుకోవడం రివాజు.

మరి భారీకాయుల మధ్య పేజ్ ఎలా రాణించారు?

పేజ్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, బరువు సుమారు 245 పౌండ్లు, అంటే 111 కిలోలు. మనకు అది పెద్ద శరీరమే గానీ ఆ స్థానానికి తేలికే. ఆయన బలమంతా మొదటి అడుగులో ఉండేది. బంతి కదిలిన క్షణాన్ని ఆయన అందరికన్నా ముందు పట్టుకునేవారు. పాత దృశ్యాలను నెమ్మదిగా నడిపించి చూస్తే ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది: బంతి నేలమీదినుంచి లేచీ లేవకముందే పేజ్ తొడిగిన 88వ నంబరు చొక్కా గీత దాటిపోతుంది; ఎదుటి గోడలో నిలిచిన గార్డు ఇంకా నడుము ఎత్తి చేతులు ముందుకు చాస్తూ ఉంటాడు, ఆ చేతులకు అందవలసిన మనిషి అప్పటికే అతని భుజం పక్కనుంచి లోపలికి జారి ఉంటాడు.

ఆ కాలపు శిక్షకులు టాకిల్‌కు నేర్పిన పద్ధతి వేరు. ముందు ఎదుటివాణ్ణి నిలువరించు, ఆట ఎటు పోతోందో గమనించు, ఆ తరువాత కదులు అని చెప్పేవారు. పేజ్ ముందు కదిలి, కదులుతూనే గమనించేవారు. ఇందులో ప్రమాదం ఉంది; అంచనా తప్పితే ఆయన వదిలివచ్చిన ఖాళీలోంచే ప్రత్యర్థి దూసుకుపోతాడు. అయినా తప్పిన చోట వెనుదిరిగి, పరుగెత్తేవాణ్ణి వెనకనుంచి తరిమి పట్టుకోగల వేగం ఆయనకు ఉండేది. నేటి రక్షణ వరుసల్లో తేలికగా, చురుకుగా ఉండే టాకిల్‌లకు దొరుకుతున్న గౌరవం వెనుక పేజ్ చూపిన దారి ఉందని నా నమ్మకం.

ఆయన బాల్యం ఎక్కడ గడిచింది?

1945 ఆగస్టు 7న ఓహాయో రాష్ట్రంలోని కేంటన్‌లో జన్మించారు. అది ఉక్కు కర్మాగారాల ఊరు. చదువు అబ్బని కుర్రవాడికి ఆ కర్మాగారంలో కొలువే గతి. ప్రమాదకరమైన ఆ పని తనకు వద్దని ఆయన చిన్ననాడే నిశ్చయించుకున్నారు. బడుల్లో జాతి వివక్షను అమెరికా సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించిన 1954 నాటికి ఆయన తొమ్మిదేళ్ళవాడు కూడా కాదు. న్యాయవాది కావాలన్న కోరిక ఫుట్‌బాల్ కన్నా ముందే ఆయన మనసులో పడింది.

వృత్తి ఫుట్‌బాల్ ఘనుల స్మారక భవనం, హాల్ ఆఫ్ ఫేమ్, కట్టింది కూడా కేంటన్‌లోనే. 1963లో తెరుచుకున్న ఆ భవన నిర్మాణంలో కూలి పనిచేసిన కుర్రాళ్ళలో పేజ్ ఒకరు. సరిగ్గా పాతికేళ్ళ తరువాత అదే భవనంలో ఆయన కంచు ప్రతిమను ప్రతిష్ఠించారు.

కళాశాల రోజుల్లో ఆయన సాధించినదేమిటి?

ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో, ఆరా పర్సీగియన్ శిక్షణలో 1964 నుంచి మూడు సీజన్లు ఆడారు. 1966లో నోటర్ డేమ్ తొమ్మిది ఆటలు గెలిచి, మిషిగన్ స్టేట్‌తో ఒక్క ఆటను 10–10తో సమంగా ముగించి జాతీయ విజేతగా నిలిచింది. ఆ ఏడాది పేజ్ అఖిల అమెరికా జట్టుకు ఎంపికయ్యారు. 1967లో రాజనీతిశాస్త్రంలో పట్టా పొందారు. కళాశాల ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనకు 1993లో చోటిచ్చింది.

‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ అంటే ఎవరు?

1967లో కొత్త ఆటగాళ్ళ ఎంపికలో వైకింగ్స్ జట్టు పేజ్‌ను మొదటి రౌండులో, మొత్తం మీద 15వ వ్యక్తిగా తీసుకుంది. బడ్ గ్రాంట్ ఆ జట్టుకు ప్రధాన శిక్షకుడిగా వచ్చింది కూడా ఆ ఏడాదే. కళాశాలలో అంచున ఆడిన పేజ్‌ను, చేరిన కొన్ని వారాలకే నడుమనున్న టాకిల్ స్థానానికి మార్చారు. అంచుల్లో కార్ల్ ఎల్లర్, జిమ్ మార్షల్; నడుమ గ్యారీ లార్సెన్, పేజ్. వైకింగ్స్ చొక్కా ఊదారంగుది కాబట్టి, 1958లో జనాదరణ పొందిన ఒక సరదా పాటలోని మాటను అరువు తెచ్చుకుని ఈ నలుగురినీ ‘పర్పుల్ పీపుల్ ఈటర్స్’ అన్నారు. లార్సెన్ తరువాత ఆ స్థానంలోకి డగ్ సదర్‌లాండ్ వచ్చారు. క్వార్టర్‌బ్యాక్ దగ్గర కలుసుకుందాం అన్నది వాళ్ళ నినాదం.

బ్లూమింగ్టన్‌లోని మెట్రోపాలిటన్ స్టేడియంలో వాళ్ళ సొంత ఆటలు జరిగేవి. పైకప్పు లేని మైదానం, మినెసోటా చలికాలం. ప్రత్యర్థులు ఆట పక్కన హీటర్లు పెట్టుకుని చేతులు కాచుకుంటుంటే, గ్రాంట్ తన ఆటగాళ్ళకు వాటిని అనుమతించేవారు కాదు. ఆ చలిలో 1969లో పద్నాలుగు ఆటల మొత్తం మీద వైకింగ్స్ ఇచ్చుకున్న పాయింట్లు 133, 1970లో 143, 1971లో 139. అంటే సగటున ఆటకు పది చొప్పున. వరసగా మూడేళ్ళు ఆ స్థాయిలో నిలబడిన రక్షణలు ఎన్.ఎఫ్.ఎల్. చరిత్రలో చాలా తక్కువ.

1971 పురస్కారానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం దాదాపు ఎప్పుడూ క్వార్టర్‌బ్యాక్‌కో, బంతి పట్టుకుని పరుగెత్తే రన్నింగ్ బ్యాక్‌కో వెళుతుంది. పాయింట్లు తెచ్చేవాడు కంటికి కనబడతాడు. పాయింట్లు రాకుండా ఆపేవాడి పని గుర్తించాలంటే చూసేవాడికి ఓపిక కావాలి. 1971లో వైకింగ్స్ పద్నాలుగు ఆటల్లో పదకొండు గెలిచింది. దాడి విభాగం సాదాసీదాగా ఉన్న ఆ జట్టును అంత దూరం తీసుకువచ్చింది రక్షణే అని, ఆ రక్షణకు ఇరుసు పేజ్ అని ఓటు వేసిన పాత్రికేయులు గ్రహించారు. ఉత్తమ రక్షణ ఆటగాడి పురస్కారాన్ని అసోసియేటెడ్ ప్రెస్ ఆ ఏడాదే ప్రారంభించింది. అదీ ఆయనకే వచ్చింది.

ఆ తరువాత రక్షణ స్థానంనుంచి అత్యంత విలువైన ఆటగాడి పురస్కారం అందుకున్నది ఒకే ఒక్కరు: 1986లో న్యూయార్క్ జెయింట్స్‌కు చెందిన లారెన్స్ టేలర్. టేలర్ అంచునుంచి, దృష్టికి ఎదురుగా, విశాలమైన చోటునుంచి దూసుకువచ్చేవాడు. పేజ్ ఇద్దరు ముగ్గురు మనుషుల నడుమ ఇరుకులో పనిచేసి అదే గౌరవం పొందారు. వారిద్దరిలో ఎవరు గొప్ప అని అడిగితే వేగంలో, భయపెట్టడంలో టేలర్ పేరు ముందు చెబుతాను గానీ, చేసిన పని కష్టాన్ని బట్టి తూచితే నా మొగ్గు పేజ్ వైపే.

ఆయన గణాంకాలు ఏమిటి? శాక్‌ల సంఖ్య ఒక్కొక్కచోట ఒక్కోలా ఎందుకు ఉంటుంది?

మొత్తం 218 ఆటలు ఆడారు. ఒక్క ఆట కూడా తప్పిపోలేదు. వైకింగ్స్‌కు 160, బేర్స్‌కు 58. ప్రత్యర్థులు జారవిడిచిన బంతులు 22 చేజిక్కించుకున్నారు, 28 కిక్‌లను అడ్డుకున్నారు. 1968 నుంచి 1976 వరకు వరసగా తొమ్మిదేళ్ళు, లీగ్‌లోని మేటి ఆటగాళ్ళు ఆడే ప్రో బౌల్‌కు ఎంపికయ్యారు. ఎన్.ఎఫ్.ఎల్. నూరవ సీజన్ సందర్భంగా 2019లో ప్రకటించిన శతాబ్ది జట్టులో ఆయన పేరు ఉంది.

ఇక శాక్‌ల విషయం. ఆటగాడివారీగా శాక్‌లను లీగ్ అధికారికంగా లెక్కించడం 1982లో మొదలైంది. పేజ్ రిటైరైంది 1981 సీజన్‌తో. కాబట్టి ఆయనకు అధికారిక లెక్క లేదు. జట్టు సొంతంగా వేసుకున్న పాత లెక్కల ఆధారంగా 173 అనేవారు. తరువాత పరిశోధకులు ఆటల రికార్డులు, పాత దృశ్యాలు ఒక్కొక్కటిగా పరిశీలించి, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం చొప్పున పంచి, 148.5 అని తేల్చారు. ఏ సంఖ్య ఉదహరించినా అది అనధికారికమని చెప్పడం న్యాయం.

సూపర్ బౌల్ ఎప్పుడైనా గెలిచారా?

లేదు. లీగ్ విజేతను తేల్చే ఆ చివరి ఆటను నాలుగుసార్లు ఆడి నాలుగుసార్లూ ఓడారు. 1970 జనవరిలో కాన్సస్ సిటీ చేతిలో 23–7, 1974లో మయామీ చేతిలో 24–7, 1975లో పిట్స్‌బర్గ్ చేతిలో 16–6, 1977లో ఓక్‌లండ్ చేతిలో 32–14. ఈ నాలుగింటిలో మూడుసార్లు వైకింగ్స్ సాధించింది ఏడు పాయింట్లో అంతకన్నా తక్కువో. ఓటమి బరువు మొత్తం రక్షణ వరుస మీద మోపడం సబబు కాదు.

వైకింగ్స్ ఆయన్ను ఎందుకు వదులుకుంది?

1970ల నడుమ ఆయన భార్య డయాన్ పొగ తాగడం మానేయడానికి పరుగు మొదలుపెట్టారు. తోడుగా పేజ్ కూడా పరుగెత్తారు. క్రమేపీ ఆయనకు అది నిత్యకృత్యమైంది. రోజూ మైళ్ళకొద్దీ దూరం వెళ్ళేవారు. దాంతో బరువు 225 పౌండ్ల దరిదాపులకు దిగింది. రక్షణ వరుసలో నడుమ నిలబడేవాడికి ఆ బరువు చాలదని శిక్షకుల అభిప్రాయం. 1978 సీజన్ మధ్యలో జట్టు ఆయన్ను వదిలేసింది. నియమం ప్రకారం కట్టవలసిన నూరు డాలర్ల రుసుము కట్టి షికాగో బేర్స్ తీసుకుంది.

లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడిగా ఒకనాడు గౌరవం పొందిన మనిషికి నూరు డాలర్లు. ఆ నూరు డాలర్లకు బేర్స్ పొందింది మూడున్నర సీజన్ల ఆట, 58 ఆటల్లో సుమారు 40 శాక్‌లు. బరువు తగ్గాక ఆట చెడిందన్న వాదనకు ఈ లెక్కే జవాబు. 1979లో ఆయన మారథాన్ పూర్తిచేశారు. లీగ్‌లో ఆడుతూ ఉండగా మారథాన్ పూర్తిచేసిన మొదటి ఆటగాడు ఆయనే.

వైకింగ్స్‌తో మనస్పర్ధలు తరువాత సర్దుకున్నాయి. 1988లో ఆ జట్టు 88వ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా ఆయన పేర శాశ్వతంగా నిలిపివేసింది.

ఆటగాళ్ళ సంఘంలో ఆయన పాత్ర ఏమిటి?

1970ల్లో చాలాకాలం వైకింగ్స్ ఆటగాళ్ళ ప్రతినిధిగా, ఆటగాళ్ళ సంఘం కార్యవర్గ సభ్యుడిగా ఉన్నారు. ఒప్పందం ముగిసిన ఆటగాడు వేరే జట్టులో చేరితే, పాత జట్టుకు ఏ పరిహారం చెల్లించాలో లీగ్ కమిషనర్ తన ఇష్టప్రకారం తేల్చే నియమం అప్పట్లో ఉండేది. కమిషనర్ పేరుమీద దాన్ని రోజెల్ నియమం అనేవారు. ఎంత పరిహారం కట్టవలసివస్తుందో తెలియక ఏ జట్టూ ముందుకు రాదు, కాబట్టి ఆటగాడు ఉన్నచోటే ఉండిపోవాలి. 1974 వేసవిలో ఆటగాళ్ళు సమ్మెకు దిగింది ఇటువంటి కట్టుబాట్ల మీదే. సమ్మె ఫలించలేదు గానీ, 1976లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ నియమం పోటీ చట్టాలకు విరుద్ధమని తీర్పు చెప్పింది. యాజమాన్యానికి ఎదురు నిలబడిన ప్రతినిధులకు ఆ రోజుల్లో ఉద్యోగ భద్రత ఏమీ ఉండేది కాదన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ఆడుతూ న్యాయశాస్త్రం ఎలా చదవగలిగారు?

మొదటి ప్రయత్నం విఫలమైంది. ఆట మొదలుపెట్టిన తొలినాళ్ళలో ఒక న్యాయ కళాశాలలో చేరి మూడు వారాలకే మానేశారు. ఏళ్ళ తరువాత మళ్ళీ సిద్ధపడి మినెసోటా విశ్వవిద్యాలయంలో చేరి 1978లో పట్టా పొందారు. అంటే వైకింగ్స్ ఆయన్ను వదిలేసిన ఏడాదీ, చదువు పూర్తయిన ఏడాదీ ఒకటే. 1979 నుంచి ఆట లేని నెలల్లో మినియాపోలిస్‌లోని లిండ్‌క్విస్ట్ అండ్ వెన్నమ్ న్యాయసంస్థలో పనిచేశారు. 1985లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో చేరి, న్యాయమూర్తిగా ఎన్నికయ్యేవరకు అక్కడే ఉన్నారు.

1988 హాల్ ఆఫ్ ఫేమ్ ప్రసంగాన్ని ఇప్పటికీ ఎందుకు తలచుకుంటారు?

హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరేవాణ్ణి సభకు పరిచయం చేయడానికి ఒకరిని ఎంచుకునే అవకాశం ఉంటుంది. సాధారణంగా పాత శిక్షకుణ్ణో, తండ్రినో, తోటి ఆటగాణ్ణో పిలుస్తారు. పేజ్ మినియాపోలిస్‌లోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలైన విల్లరీన్ బీస్లీని పిలిచారు. ఫుట్‌బాల్ ప్రపంచంతో ఆమెకు ఏ సంబంధమూ లేదు.

తరువాత ఆయన చేసిన ప్రసంగంలో ఆట కబుర్లు తక్కువ, చదువు గురించి ఎక్కువ. అందులో ఒక సంఘటన చెప్పారు. ఒకరోజు రక్షణ వరుస ఆటగాళ్ళు ఒక గదిలో సమావేశమయ్యారు. శిక్షకుడు ఆట ఎత్తుగడల పుస్తకం తీసి, ఒక్కొక్కరినీ కొంత కొంత పైకి చదవమన్నారు. కొందరు గడగడా చదివారు. కొందరు తడుముకున్నారు. కొందరికి చదవడమే రాలేదు. వాళ్ళందరూ పన్నెండేళ్ళు బడికి, ఆపైన కళాశాలకు వెళ్ళివచ్చినవారు. దేశమంతా పేరు తెలిసినవారు. చేతిలో ఉన్నది వాళ్ళ సొంత వృత్తికి సంబంధించిన పుస్తకం.

పాఠకులు ఆ గదిని ఒక్కసారి ఊహించుకోవాలని నా కోరిక. ఎదుటి జట్టును వణికించే మనిషి, వంతు తనవైపు వస్తున్నకొద్దీ, పుట వైపు చూస్తూ కూర్చున్నాడు. పక్కవాళ్ళకు అతని సంగతి తెలుసు. ఎవరూ ఏమీ అనరు. పేజ్ దీన్ని తోటివారి లోపంగా చెప్పలేదు. వీళ్ళకు కళాశాలలో చదువు చెప్పలేదని అందరూ అంటారు గానీ, ఈ నష్టం జరిగింది అంతకు చాలా ముందు, ప్రాథమిక పాఠశాలలోనే అని ఆయన వాదన. బంతి బాగా విసిరే పిల్లవాణ్ణి, అక్షరాలు రాకపోయినా పై తరగతికి పంపిన ప్రతి పెద్దమనిషికీ అందులో భాగం ఉంది. ఆటను తలకెత్తుకున్న సభలో, ఆటవల్ల వచ్చిన గౌరవాన్ని స్వీకరిస్తూ, ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఆయన మైదానంలో చేసిన ఏ పనికన్నా నేను దీన్ని ఎక్కువగా గౌరవిస్తాను.

పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ ఎలా పనిచేసింది?

ఆ ఏడాదే, 1988లో, అలన్, డయాన్ దంపతులు ఈ సంస్థను స్థాపించారు. మినెసోటాకు చెందిన నల్లజాతి, ఇతర అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు ఉన్నత చదువులకోసం విద్యార్థి వేతనం ఇచ్చేవారు. ఇంతవరకు ఇది ఏ దాతృత్వ సంస్థయినా చేసే పనే. తేడా షరతులో ఉండేది: వేతనం తీసుకున్న విద్యార్థి ఏడాదికి కనీసం యాభై గంటలు ఎనిమిదో తరగతి లోపు పిల్లలతో గడపాలి, వాళ్ళకు పాఠాలు చెప్పాలి, చదువులో తోడుండాలి. పై ప్రశ్నలో చెప్పిన గది గుర్తుంటే ఈ షరతు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. డబ్బు కళాశాల విద్యార్థికి వెళ్ళినా, ఆయన కన్ను మూడో తరగతి పిల్లవాడి మీద ఉంది. తన పోలికలు ఉన్న అన్ననో అక్కనో పుస్తకం పట్టుకుని పక్కన కూర్చోవడం ఆ పిల్లవాడికి ఏ ఉపన్యాసం కన్నా ఎక్కువ నేర్పుతుందని ఆ దంపతుల నమ్మకం. వేలమంది విద్యార్థులు ఈ దారిన చదువుకున్నారు.

న్యాయమూర్తి పదవికి ఎన్నిక ఏమిటి? ఆయన అందుకోసం కోర్టుకు ఎందుకు వెళ్ళవలసివచ్చింది?

మన దేశంలో న్యాయమూర్తులను నియమిస్తారు. మినెసోటా రాజ్యాంగం ప్రకారం న్యాయమూర్తులను ప్రజలు ఆరేళ్ళకొకసారి ఎన్నుకుంటారు. అయితే ఆచరణలో పదవిలో ఉన్నవారు పదవీకాలం ముగియకముందే తప్పుకోవడం, గవర్నరు ఆ ఖాళీలో తనకు నచ్చినవారిని నియమించడం పరిపాటి. బయటివాడికి పోటీచేసే అవకాశం అరుదుగా దొరికేది.

1992లో ఒక న్యాయమూర్తి స్థానానికి ఎన్నిక జరగవలసి ఉండగా, పింఛను అర్హత సమకూరేవరకు ఆయన పదవీకాలాన్ని గవర్నరు ఆర్నీ కార్ల్‌సన్ పొడిగించారు. దాంతో ఎన్నిక ఆగిపోయింది. పోటీకి సిద్ధంగా ఉన్న పేజ్ దాన్ని సవాలు చేశారు. వివాదం సుప్రీంకోర్టు సభ్యుడి గురించే కావడంతో న్యాయమూర్తులు తప్పుకుని, వేరే న్యాయమూర్తులతో ప్రత్యేక ధర్మాసనం ఏర్పడింది. పేజ్ వర్సెస్ కార్ల్‌సన్ అని పేరుపడిన ఆ వ్యాజ్యంలో తీర్పు ఆయనకు అనుకూలంగా వచ్చింది, ఎన్నిక జరిగింది, ఆయన గెలిచారు. తాను కూర్చోబోయే న్యాయస్థానం తలుపును ఓటరుకోసం తెరిపించి లోపలికి నడిచిన మనిషి ఆయన. 1998, 2004, 2010లలో మళ్ళీ ఎన్నికయ్యారు.

న్యాయమూర్తిగా ఆయన చేసిన పనుల్లో ప్రత్యేకంగా చెప్పుకోదగినది ఏది?

2008 నవంబరులో అమెరికా సెనేట్‌కు మినెసోటాలో జరిగిన ఎన్నిక ఫలితం నెలల తరబడి తేలలేదు. దాదాపు 29 లక్షల ఓట్లలో నార్మ్ కోల్‌మన్, అల్ ఫ్రాంకెన్ల మధ్య తేడా కొన్ని వందలు మాత్రమే. తిరిగి లెక్కించాక ఫ్రాంకెన్ 225 ఓట్ల ఆధిక్యంలోకి వచ్చారు, కోల్‌మన్ కోర్టుకెక్కారు. ప్రధాన న్యాయమూర్తి లెక్కింపు పర్యవేక్షించిన మండలిలో ఉన్నందువల్ల తప్పుకోగా, విచారణ జరిపే ముగ్గురు న్యాయమూర్తులను ఎంపికచేసే బాధ్యత పేజ్ మీద పడింది. ఏ పక్షమూ వేలెత్తి చూపలేని ముగ్గురిని ఆయన ఎంపికచేశారు. విచారణలో ఆధిక్యం 312కు పెరిగింది. అప్పీలు విన్న రాష్ట్ర సుప్రీంకోర్టులో పేజ్‌తో సహా అయిదుగురు 2009 జూన్ 30న గెలుపు ఫ్రాంకెన్‌దేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. కోల్‌మన్ అదేరోజు ఓటమిని అంగీకరించారు.

ఎప్పుడు పదవీ విరమణ చేశారు?

మినెసోటాలో న్యాయమూర్తులకు డెబ్భై ఏళ్ళు నిండితే విరమణ తప్పనిసరి. 2015 ఆగస్టులో ఆయనకు డెబ్భై నిండాయి. ఆ నెలాఖరుతో తప్పుకున్నారు.

మినియాపోలిస్‌లో ఒక పాఠశాలకు ఆయన పేరు ఎలా వచ్చింది?

ఆ మాధ్యమిక పాఠశాలకు అంతకుముందు అలెగ్జాండర్ రామ్సీ పేరుండేది. రామ్సీ మినెసోటా ప్రాంతానికి మొదటి గవర్నరు. తరువాత రాష్ట్ర గవర్నరుగా ఉన్న 1862లో డకోటా ఆదివాసులను నిర్మూలించాలని, లేదా రాష్ట్రం ఎల్లలు దాటించి తరిమివేయాలని పిలుపునిచ్చిన వ్యక్తి. ఆ చరిత్ర చదివిన విద్యార్థులే పేరు మార్చాలని పట్టుబట్టారు, కొత్త పేరును వాళ్ళే ఎంచుకున్నారు. 2017లో అది జస్టిస్ పేజ్ మిడిల్ స్కూల్ అయింది. పేరులో ఫుట్‌బాల్ ప్రసక్తి లేకుండా ‘జస్టిస్’ అన్న మాట ఉండడం గమనించదగినది. ఆ పిల్లల్లో ఎవరూ ఆయన ఆడుతుండగా చూసినవారు కాదు.

పేజ్ దంపతుల సేకరణలో ఏమున్నాయి?

బానిసత్వం, ఆ తరువాతి జాతి వేర్పాటు కాలాలకు సంబంధించిన వస్తువులను ఆ దంపతులు దశాబ్దాలపాటు సేకరించారు. నల్లవారికి వేరుగా కేటాయించిన గదుల పలకలు, బానిసత్వపు ఆనవాళ్ళు, వాటి పక్కనే నల్లజాతి కళాకారుల చిత్రాలు. 1865లో అధ్యక్షుడు లింకన్ అంతిమయాత్రనాటి పతాకం కూడా వాటిలో ఉంది. అంకుల్ ఏబ్, నిన్ను మరువబోము అన్న అర్థమిచ్చే మాటలు దానిమీద ఉంటాయి. ఈ సేకరణను 2018లో మినియాపోలిస్ కేంద్ర గ్రంథాలయంలో ప్రదర్శించారు. వేర్పాటు పలకను ఇంట్లో పెట్టుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. జరిగిన దానికి సాక్ష్యం చేతికి అందేలా ఉండాలని న్యాయవాదులు కోరుకోవడంలో వింత లేదు.

ఇటీవలి సంవత్సరాల్లో ఆయన ఏం చేస్తున్నారు?

2018 నవంబరులో అమెరికా అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. నలభై అయిదేళ్ళు కలిసి నడిచిన డయాన్ అంతకు కొద్ది వారాల ముందే, సెప్టెంబరు చివర, కన్నుమూశారు.

2020లో ఆయన, మినియాపోలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అధ్యక్షుడూ భారత సంతతికి చెందినవారూ అయిన నీల్ కష్కరీతో కలిసి, మినెసోటా రాజ్యాంగానికి ఒక సవరణ ప్రతిపాదించారు. 1857 నాటి ఆ రాజ్యాంగం పాఠశాలల వ్యవస్థను నెలకొల్పే బాధ్యతను శాసనసభకు అప్పగిస్తుంది. నాణ్యమైన ప్రభుత్వ విద్య ప్రతి పిల్లవాడి ప్రాథమిక హక్కు అని రాయాలన్నది సవరణ సారాంశం. వ్యవస్థ ఉందా అన్న ప్రశ్న పోయి, ఈ పిల్లవాడు నేర్చుకున్నాడా అన్న ప్రశ్న కోర్టు ముందుకు రావాలని ఆయన ఆశయం. 2002 నాటి సవరణతో 21ఎ అధికరణం వచ్చిన దేశంలో ఉన్న మనకు ఈ వాదన కొత్తగా అనిపించకపోవచ్చు. అమెరికా సమాఖ్య రాజ్యాంగంలో మాత్రం విద్యాహక్కు ఊసే లేదు. ఉపాధ్యాయ సంఘంతో సహా వ్యతిరేకించినవారు కూడా ఉన్నారు. ప్రభుత్వ పాఠశాలల వ్యవస్థను నిర్వహించే బాధ్యతనుంచి రాష్ట్రం జారుకోవడానికి కొత్త పదాలు వీలు కల్పిస్తాయని వారి భయం. అది తేలికగా తోసిపుచ్చదగిన అభ్యంతరం కాదు.

ఆయన చిటికెన వేలు కథ ఏమిటి?

ఆటలో పదేపదే కీలు తప్పి, ఆయన చిటికెన వేలు మిగతా వేళ్ళకు దాదాపు లంబకోణంలో పక్కకు తిరిగిపోయింది. బడులకు వెళ్ళినప్పుడు పిల్లల చూపు ముందు పడేది దానిమీదే. సుప్రీంకోర్టు గురించీ, సూపర్ బౌల్ గురించీ వాళ్ళకు ప్రశ్నలుండవు. అది నొప్పి పెడుతుందా, ఎందుకు వంకర పోయింది అని అడుగుతారు. బడిలో పాఠాలు చెప్పే కుమార్తె కేమీతో కలిసి ఆయన పిల్లల పుస్తకాలు రాశారు. వాటిలో మొదటిది ఆ వేలు గురించే.

మారథాన్ రోజున బాకా ఊదేది ఆయనేనా?

అవును. మినియాపోలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో అక్టోబరులో జరిగే మారథాన్ దారి ఆయన ఇంటి దగ్గరగా వెళుతుంది. మెడకు బో టై కట్టుకుని న్యాయపీఠం మీద కనిపించిన ఆ పెద్దమనిషి, ఆ ఉదయం భుజంమీదుగా చుట్టుకునే పెద్ద ఇత్తడి బాకా తగిలించుకుని రోడ్డు పక్క నిలబడి, పరుగెత్తేవాళ్ళు దాటిపోతుంటే ఊదుతూ ఉండేవారు.